సున్నా కూడా రాయాలి

(విశాఖపట్నంలో ప్రకృతి పరిశీలకుల కోసం ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో శ్రోతలు అడిగిన కొన్ని ప్రశ్నలు, వాటి జవాబులు ఉన్నాయి.)

సభకు నమస్కారం. పాముల గురించి మాట్లాడమని పిలిచి, మైకు పక్కన గ్లాసుడు పాలు పెట్టారు. అవి నాకో, నేను తెచ్చిన బొమ్మల్లో ఉన్నవాళ్లకో అర్థం కాలేదు. (నవ్వులు) పాములు పాలు తాగవని మీ అందరికీ తెలుసు. నేను తాగుతాను. ధన్యవాదాలు.

ఇరవై ఏళ్లుగా ఇంగ్లండ్ దక్షిణ ప్రాంతంలో ఉంటున్నాను. ఒక ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం. ఫిబ్రవరి చివరి నుంచి మే మొదటి వారం దాకా మాత్రం సెలవు దొరికిన రోజున పొద్దున్నే బయలుదేరి, ఒక గట్టు వెంట నడుస్తూ పాములను లెక్కపెడతాను. జీతం లేదు, పెట్రోలు ఖర్చు కూడా నాదే. మా అమ్మ ఇక్కడి చుట్టాలతో "సెలవుల్లో మొక్కల మీద ఏదో పరిశోధన చేస్తోంది" అని చెబుతుంది. పాముల సంగతి బయటపడితే సంబంధాలు చెడిపోతాయని ఆమె భయం. నాకు పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది.

ఈ మాటలు విశాఖలో చెప్పగలగడం నాకు సంతోషం. అందుకు ఒక కారణం ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780లలో ఈ ఊళ్లో ఉండేవారు. ఈస్టిండియా కంపెనీ కొలువు. కోరమాండల్ తీరంలోని పాములను సేకరించి, బొమ్మలు గీయించి, వాటి విషాన్ని కోళ్ల మీద, కుక్కల మీద పరీక్షించి, 1796లో ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. రక్తపింజర శాస్త్రీయ నామంలో చివర వచ్చే 'రస్సెలీ' ఆయన పేరే. అయితే ఆ గ్రంథంలో దానికి ఆయన రాసుకున్న పేరు తెలుగు పేరు. 'కాటుక రేకుల పొడ'. ఇక్కడి వాళ్లెవరో చెప్పి ఉంటారు. ఒంటి పొడవునా గుండ్రటి మచ్చలు, వాటి అంచులకు కాటుక దిద్దినట్టు నల్లటి గీత. ఆ పేరు పెట్టిన మనిషి ఎవరోగానీ, పామును చూసి పారిపోయిన మనిషి మాత్రం కాడు. పారిపోయేవాడికి రేకులు కనిపించవు. రస్సెల్ రాసుకున్న మరో పేరు 'బంగారు పాము'. కట్లపాముల ప్రజాతికి శాస్త్రవేత్తలు పెట్టిన 'బంగారస్' అన్న లాటిన్ పేరు మన బంగారం నుంచి వచ్చిందే. ఆయన ఇక్కడికి వచ్చి మన పాములను రాసుకున్నారు. నేను ఆయన దేశం వెళ్లి వాళ్ల పామును రాసుకుంటున్నాను. చెల్లుకు చెల్లు.

బ్రిటన్‌లో సహజంగా బతికే పాములు మూడే రకాలు. గ్రాస్ స్నేక్, స్మూత్ స్నేక్, ఆడర్. మన తూర్పు కనుమల్లో ఒక వానాకాలంలో మూడు రకాల పాములు ఒకే దారిలో కనిపిస్తాయి కదా, ఆ దేశం మొత్తానికీ అంతే. విషమున్నది ఆడర్‌కు ఒక్కదానికే. మన రక్తపింజరకు దాయాది, అదే కుటుంబం. పొడవు రెండడుగుల పైచిలుకు. వీపు మీద తల నుంచి తోక దాకా మెలికలు తిరిగిన గీత, కళ్లాపి చల్లి వేసిన మెలిక ముగ్గులా ఉంటుంది. మగది వెండి బూడిద రంగు, దాని మీద నల్ల గీత. ఆడది ఎండుటాకు రంగు, గీత ముదురు గోధుమ రంగు. కన్ను ఎర్రగా, కంటిపాప నిలువుగా ఉంటుంది. రక్తపింజర లాగే ఇదీ గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. ఉత్తరాన ఆర్కిటిక్ వలయం లోపల కూడా ఈ జాతి బతుకుతుంది. మంచులో ఎలా బతుకుతుందని అడుగుతారేమో, ఏడాదిలో సగం నిద్రలోనే గడిచిపోతుంది. 

పేరు గురించి ఒక మాట. పాత ఇంగ్లీషులో దీన్ని 'నాడర్' లాంటి మాటతో పిలిచేవారు. ముందు 'ఎ' చేర్చి పలికి పలికి, ఆ నకారం వెనక్కి జరిగి 'ఎన్ ఆడర్' అయింది. ఒక అక్షరం పోగొట్టుకున్న పాము ఇది. ఇప్పుడు ఊళ్లు పోగొట్టుకుంటోంది.

దీని కాటుతో బ్రిటన్‌లో చివరిసారి ఒకరు చనిపోయింది 1975లో. కాటు వేస్తుంది, వాపు వస్తుంది, ఆసుపత్రికి వెళ్లి తీరాలి, అందులో సందేహం లేదు. కాటు తిన్నవాళ్లలో చాలామంది దాన్ని చేత్తో పట్టుకోబోయిన వాళ్లే. దేశంలో చట్టం కూడా దాని పక్షానే ఉంది. చంపినా, గాయపరిచినా నేరం. పూర్వం అలా లేదు. న్యూ ఫారెస్ట్ అనే అడవిలో బ్రషర్ మిల్స్ అని ఒకాయన ఉండేవాడు, 1905లో చనిపోయాడు. చిన్న గుడిసెలో ఉంటూ వేల కొద్దీ పాములను పట్టాడు. లండన్ జంతుప్రదర్శనశాలలో పాములను తినే పాములకు ఆహారంగా కూడా అమ్మేవాడు. బ్రాకెన్‌హర్స్ట్ చర్చి ఆవరణలో ఆయన సమాధి రాయి మీద చేతిలో పాములతో ఆయన బొమ్మ చెక్కి ఉంది. నేను చూసి వచ్చాను. ఒక మనిషి అన్ని పాములు పట్టగలిగాడంటే అప్పట్లో ఎన్ని ఉండేవో ఊహించండి. ఎన్ని ఉండేవో ఎవరూ రాయలేదు. పట్టినవాడి గొప్ప రాశారు.

ఆ రాసే పని ఒక పద్ధతిలో మొదలైంది 2005లో. ఆ దేశంలో జిల్లాకొకటి చొప్పున కప్పలు, బల్లులు, పాములను గమనించే స్థానిక బృందాలున్నాయి. అందులో ఉన్నవాళ్లంతా నాలాంటివాళ్లే: పదవీ విరమణ చేసిన టీచర్లు, ప్లంబర్లు, గుమాస్తాలు. ఈ బృందాలన్నీ కలిసి 'మేక్ ది ఆడర్ కౌంట్' అనే సర్వే ప్రారంభించాయి. ఆ పేరులో ఒక చమత్కారం ఉంది, దాన్ని తెలుగులో చెప్పడం చాలా తేలిక. మనకు 'లెక్క' అన్న మాట ఉంది. లెక్కపెట్టడం ఒకటి, లెక్కచేయడం ఒకటి. అన్నాళ్లూ ఆడర్‌ను ఎవరూ లెక్కచేయలేదు కాబట్టి ఎవరూ లెక్కపెట్టలేదు. 

ఇక పొద్దుటి పని. నేను వెళ్లే చోటు హీత్ నేల. ఇసుక మట్టి, మోకాలెత్తు హెదర్ పొదలు, పసుపు పూల గోర్స్ ముళ్లు, పోయినేటి ఎండిన బ్రాకెన్ అనే ఫెర్న్ ఆకులు. ఇలాంటి పల్లపు నేలలు 1800 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఎన్ని ఉండేవో, వాటిలో ఇప్పుడు ఆరో వంతు మిగిలింది. మిగతావి పొలాలు, పైన్ తోటలు, ఇళ్లు అయ్యాయి. అందులో దక్షిణానికి తిరిగి ఉన్న ఒక గట్టు. చలికాలమంతా ఆడర్‌లు దాని లోపల నిద్రపోతాయి. సొంతంగా తవ్వుకోవు. పుట్ట చీమలది, కాపురం పాముది అని మనకు చిన్నప్పుడే నేర్పారు కదా. అక్కడ ఎలుకలు, కుందేళ్లు తవ్విన బొరియలు, మోడుల వేళ్ల సందులు. ఏటా అదే గట్టుకు, అదే కన్నానికి తిరిగి వస్తాయి. వేసవిలో మేతకు కిలోమీటరు దూరం పోయినా శరత్కాలానికి తిరిగి ఇల్లు చేరతాయి. 'పాము పగ' అని మనం అంటాం. పగ సంగతి నాకు తెలియదుగానీ, చోటును గుర్తుపెట్టుకోవడంలో దానికి సాటి లేదు. ఈ గుణం వల్లే మేం లెక్కపెట్టగలుగుతున్నాం. ఈ గుణం వల్లే అది దెబ్బతింటోంది కూడా. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఫిబ్రవరి చివర్లో ముందుగా మగవి బయటికి వస్తాయి. ఆడవి కొన్ని వారాల తర్వాత. లంబసింగిలో జనవరి పొద్దున ఎలా ఉంటుందో అలాంటి చలి, కాకపోతే ఎండ ఉండాలి, గాలి ఉండకూడదు. పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటే మంచి రోజు. వేడి మరీ ఎక్కువైతే అవి చురుగ్గా జారుకుంటాయి, చలి ఎక్కువైతే బయటికే రావు. ఎండ వీపు మీద పడేలా నడవాలి, కానీ మన నీడ గట్టు మీద పడకూడదు. అందుకని కాస్త ఏటవాలుగా, ఒక అడుగు వేసి ఆగి, పది పన్నెండు అడుగుల ముందుకు చూడాలి. పాముకు మన మాటలు పెద్దగా పట్టవు. అడుగు అదురు మాత్రం పడుతుంది. మా ఆయన ఒకసారి తోడు వచ్చారు. ఆయన నడకకు ఆ రోజు కుందేలు కూడా కనిపించలేదు. (నవ్వులు) కుక్కను తిప్పుకుంటూ వచ్చిన ఒక పెద్దావిడ ఇంకోసారి నన్ను చూసి, జాలిగా "ఏమైనా పోగొట్టుకున్నావా అమ్మా?" అని అడిగింది. 

మొదటిసారి కనిపించినప్పటి సంగతి చెప్పాలి. అంతకుముందు అదే చోటు మీదుగా నా చూపు నాలుగైదు సార్లు వెళ్లి ఉంటుంది. ఎండిన బ్రాకెన్ మధ్య ఒక వంపు. అది ఆకు వంపు కాదని మనసుకు తట్టడానికి కొంతసేపు పట్టింది. చుట్ట చుట్టుకుని లేదు. పక్కటెముకలు విప్పి ఒళ్లంతా అప్పడంలా పలచగా పరిచింది, ఎండ ఎంత వీలైతే అంత పట్టుకోవడానికి. రంగు మట్టిగొట్టి ఉంది, కంటి మీద నీలపు పొర. కుబుసం విడవబోయే ముందు మగవి అలా ఉంటాయి. నెలరోజుల పైన అవి చేసే పని ఎండ కాగడమే. ఏమీ తినవు, ఎక్కడికీ పోవు. ఆ వేడితోనే వాటిలో వీర్యం పక్వానికి వస్తుంది. ఏప్రిల్‌లో కుబుసం విడిచిన రోజున చూడాలి వాటిని. పాత చొక్కా హెదర్ కొమ్మలకు ఉల్లిపొరలా చిక్కుకుని ఉంటుంది. చొక్కా విడిచినవాడు కొత్త వెండిగిన్నెలా మెరుస్తూ ఆడదాన్ని వెతుక్కుంటూ బయలుదేరుతాడు. 

ఇద్దరు మగవాళ్లు ఎదురుపడితే తలలెత్తి, ఒకరి మీద ఒకరు ఒరిగి, నేలకు వంచాలని చూస్తారు. కాటు వేసుకోరు. దాన్ని అక్కడి పాతకాలం వాళ్లు సరసమనుకున్నారు. మన దగ్గరా అంతే. రెండు జెర్రిపోతులు పెనవేసుకుంటే పాముల సయ్యాట అని కొత్త గుడ్డ పరుస్తారు. అవి రెండూ మగవే, కుస్తీ పడుతున్నాయి. ఆ గుడ్డ గెలిచినవాడికి ఇవ్వాలి.

ఇప్పుడు నా తప్పు. మొదటి వసంతంలో ఆ గట్టు మీదికి ఎనిమిదిసార్లు వెళ్లాను. రెండుసార్లు కనిపించాయి. ఆ రెండు కాగితాలు నింపి పంపాను: తేదీ, సమయం, ఉష్ణోగ్రత, మబ్బు, గాలి, మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, పిల్లలు ఎన్ని. మిగతా ఆరు కాగితాలు ఖాళీగా ఉన్నాయని పారేశాను. మా బృందంలో లెక్కలు చూసే పెద్దాయన, పోస్ట్‌మాన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు, ఫోన్ చేశాడు. "ఈ ఏడాది రెండుసార్లే వెళ్లావా?" ఎనిమిదిసార్లు వెళ్లానని, ఆరుసార్లు ఏమీ కనిపించలేదని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను నలభై ఏళ్లు ఉత్తరాలు పంచాను. ఉత్తరం లేని ఇంటికి ఉత్తరం లేదని నాకు తెలియాలి. ఆ వీధికి నేను వెళ్లలేదని కాదు" అన్నాడు. 

ఆ ఆరు సున్నాల విలువ ఏమిటో నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. పాము కనిపించిన రోజునే కాగితం పంపితే, పాములు తగ్గిపోతున్న గట్టుకు, బద్ధకించిన వాలంటీర్‌కు తేడా తెలియదు. రెండిటి నుంచీ కాగితాలు తగ్గుతాయి. వెళ్లాను, వాతావరణం బాగుంది, గంటన్నర నడిచాను, ఏమీ లేదు అని ఎవరో ఒకరు రాస్తేనే ఆ లేకపోవడం ఒక సమాచారమవుతుంది. కొత్తగా చేరినవాళ్లు మానేసేది కూడా ఇక్కడే. పాము కనిపిస్తుందని వస్తారు, మూడు ఆదివారాలు సున్నా రాసి నాలుగో వారం రారు. తప్పు పట్టను. చలిలో ఖాళీ గట్టును చూసి ఇంటికి రావడం ఎవరికి సరదా?

ఇంకో చిక్కు. ఎనిమిది రోజుల అంకెలు కూడి ముప్పై పాములని రాయకూడదు. ఇంట్లో ఒకే బావగారు మూడుసార్లు తలుపు తీస్తే ముగ్గురు బావలున్నారని అనుకోం కదా. అందుకని ఒకే రోజు కనిపించిన వాటిలో అత్యధిక సంఖ్యను తీసుకుంటారు. గట్టు లోపల ఎన్ని ఉన్నాయో అది చెప్పదు. నిరుటికీ ఇప్పటికీ పెరిగాయా తరిగాయా అన్నది మాత్రం చెబుతుంది, అదే చోట అదే పద్ధతిలో ఏళ్ల తరబడి చేస్తే.

అలా 2005 నుంచి 2016 దాకా 260కి పైగా చోట్ల నుంచి వచ్చిన కాగితాలను శాస్త్రవేత్తలు జల్లెడ పట్టి 2019లో ఫలితం ప్రకటించారు. నూటికి తొంభై చోట్ల ఉన్నవి చిన్న గుంపులు, పదికి లోపు పెద్ద పాములు. ఆ చిన్న గుంపులు సగటున తగ్గిపోతున్నాయి. మిగతా పది శాతం చోట్ల పెద్ద గుంపులున్నాయి, అవి కాస్త పెరుగుతున్నాయి. ఇదే తీరు సాగితే 2032 నాటికి ఆడర్ ఆ కొద్ది చోట్లకే పరిమితమైపోవచ్చని హెచ్చరించారు. ఇందులో ఒక మోసం ఉంది, గమనించండి. దేశం మొత్తం మీద పాముల సంఖ్య కూడి చూస్తే పరిస్థితి ఫర్వాలేదనిపిస్తుంది, ఎందుకంటే పెద్ద గుంపుల పెరుగుదల చిన్న గుంపుల నష్టాన్ని కప్పేస్తుంది. మన జిల్లా లెక్క ఊహించుకోండి. బడి పిల్లల మొత్తం సంఖ్య తగ్గలేదని కాగితం మీద ఉంటుంది. పట్నంలో రెండు బడులు కిటకిటలాడుతుంటాయి, ఏజెన్సీలో తొమ్మిది బడులకు తాళం పడి ఉంటుంది. ఊరూరా ఒకరు కాపలా ఉండి రాస్తే తప్ప ఆ తాళాలు కనిపించవు. లండన్‌లో కూర్చున్న ఏ శాస్త్రవేత్తా 260 గట్ల మీద పన్నెండు వసంతాలు నడవలేడు. 

తగ్గడానికి కారణాలేమిటని కూడా మమ్మల్ని అడిగారు. ఎక్కువమంది రాసింది మనుషుల అలజడి. ఇది వాలంటీర్ల కంటికి కనిపించిన కారణం, ప్రయోగశాలలో తేల్చినది కాదు, ఆ తేడా గుర్తుంచుకోవాలి. అయినా నేను నమ్ముతాను. పాము రోజుకు పదిసార్లు ఎండ వదిలి కన్నంలోకి దూరితే దాని ఒంట్లో వేడి ఎక్కడిది? కుక్కలు, సైకిళ్లు, పరుగు తీసేవాళ్లు. అందరికంటే నాకు కోపం తెప్పించేది ఫోటోల కోసం వచ్చేవాళ్లు. మంచి వెలుగు కోసం పొదను పక్కకు నొక్కుతారు, పుల్లతో కదిలిస్తారు, బొమ్మతో పాటు చోటు కూడా నలుగురికీ చెప్పేస్తారు. మరుసటి ఆదివారం ఇరవై కెమెరాలు. వాళ్లెవరూ పామును ద్వేషించేవాళ్లు కాదు, పాపం. నెమళ్లలాంటి ఫెజంట్ పక్షుల సంగతి కూడా చెప్పాలి. వేట సరదా కోసం అక్కడ ఏటా కోట్ల సంఖ్యలో వదులుతారు. అవి పాము పిల్లలను పొడిచి తింటాయి. ఎంత నష్టమో అన్న దాని మీద ఇంకా వాదాలు నడుస్తున్నాయి.

ఇందాక ఆగిన మాట. ఏటా అదే కన్నానికి రావడం వల్లే దెబ్బతింటుందన్నాను. మా గట్టును చూసుకునే ఒక సంస్థ ఉంది, పేరు అనవసరం, చెడ్డవాళ్లు కారు. హీత్ నేలను బాగుచేయాలని ఒక చలికాలం పెద్ద యంత్రం తెచ్చి పొదలు కొట్టించారు. హీత్‌ను అప్పుడప్పుడు కొట్టాల్సిందే, లేకపోతే చెట్లు మొలిచి నీడ కమ్ముతుంది, నీడలో పాము బతకదు. కాబట్టి పని మంచిదే. కొట్టిన చోటే తప్పు. గట్టు మీద నలభై గజాలు శుభ్రంగా, గుండు కొట్టినట్టు. యంత్రం చక్రాలు నడిచిన చోట బొరియలు కూలిపోయాయి. లోపల నిద్రపోతున్నవాటికి చెప్పేదెవరు? మార్చిలో నేను వెళ్లేసరికి మాగిన గడ్డి వాసన, కోతకు వచ్చిన కాకులు. ఆ వసంతంలో ఆరు కాగితాలు, ఆరు సున్నాలు. 

ఫిర్యాదు చేస్తే, అక్కడ పాములున్నట్టు తమ దగ్గర సమాచారం లేదన్నారు. అప్పుడు మా పోస్ట్‌మాన్ పెద్దాయన అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. పదకొండేళ్ల కాగితాలు. అంతకుముందు ఏళ్లలో మూడు, అయిదు, నాలుగు. ఈ ఏడాది సున్నాలు. వాళ్లు ఒక్కో కాగితం తిప్పి చూశారు. సున్నాలు లేకపోతే మా దగ్గర ఉన్నవి కొన్ని మంచి రోజుల జ్ఞాపకాలే అయ్యేవి. ఇప్పుడు ఆ గట్టుకు చుట్టూ మేకులు పాతి, మధ్యలో యంత్రం రాకూడదని వాళ్ల పటంలోనే గుర్తు పెట్టారు. పొదలు కత్తిరించాల్సి వస్తే చేత్తో, కొంచెం కొంచెంగా. 

చిన్న గుంపులకు ఉన్న మరో ఆపద చెప్పి ముగిస్తాను. మేనరికాల సంగతి ఈ సభలో విడమరచి చెప్పక్కరలేదు. దక్షిణ స్వీడన్‌లో స్మీగేహూక్ అనే తీరం ఉంది. చుట్టూ పొలాలు వచ్చి అక్కడి ఆడర్‌లు విడిగా చిక్కుకుపోయాయి. తమలో తామే జతకట్టి, చచ్చిన పిల్లలు, వైకల్యమున్న పిల్లలు పుట్టడం ఎక్కువైంది. 1992లో పరిశోధకులు మరో చోటి నుంచి 20 మగ పాములను తెచ్చి వదిలారు. నాలుగు జతకట్టే కాలాలు ఉంచి, బతికినవాటిని తిరిగి వాటి ఊరికి చేర్చారు. కొన్నేళ్లకు ఆ గుంపు అనూహ్యంగా పెరిగింది. అల్లుళ్లు వచ్చి వెళ్లారు, వంశం నిలబడింది. ఇది తెలియడానికి కూడా అంతకుముందు ఏళ్ల తరబడి ఒక్కో పామునూ గుర్తుపట్టి రాసినవాళ్లు ఉండాలి. ఇంగ్లండ్‌లో వైర్ అడవిలో ఒకావిడ దశాబ్దాల పాటు ఆడర్‌ల తలల ఫోటోలు తీసింది. తల మీది మచ్చలు, పొలుసుల అమరిక మన వేలిముద్రల్లా దేనిది దానికే ప్రత్యేకం. అలా ఏటా అదే పామును పేరుపెట్టి పలకరించవచ్చు, తాకనక్కరలేదు.

ఇక ప్రశ్నలు.

(శ్రోత: అక్కడ ఆడర్ కాటుకు చనిపోయేవాళ్లు లేరు. ఇక్కడ రైతులు చనిపోతున్నారు. ఈ పద్ధతి మనకు కుదురుతుందా?)

మీరు అడుగుతారని ఎదురుచూశానండి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. ఏటా 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. చీకట్లో వరికోతకు దిగే కూలి మనిషికి వెళ్లి, రక్తపింజరను ప్రేమించమని నేను చెప్పను. ఆమెకు ముందు కావలసింది బూట్లు, టార్చి లైటు, దగ్గర్లో విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి. అయితే ఏ పొలంలో, ఏ నెలలో, ఏ వేళ ఏ పాము కనిపిస్తోందో ఊళ్లో నలుగురు నోటు పుస్తకంలో రాసి పెడితే అది ఆమెకూ పనికొస్తుంది, పాముకూ పనికొస్తుంది. అంతకు మించి అక్కడి పద్ధతిని ఇక్కడికి మోసుకురావడం మీద నాకు నమ్మకం లేదు.

(శ్రోత: మీకు భయం వేయదా?)

వేస్తుంది బాబూ. చేతులు జేబులో పెట్టుకుని నడుస్తాను. బురదలో జారినప్పుడు మాత్రం ఆ అలవాటు ఇబ్బందే.

(శ్రోత, కళాశాల విద్యార్థిని: వచ్చే ఏడాది చదువుకోవడానికి ఇంగ్లండ్ వెళుతున్నాను. మీ గట్టు ఎక్కడుందో చెబితే నేనూ వస్తాను.)

చాలా సంతోషం అమ్మా. నువ్వు వెళ్లే ఊళ్లో స్థానిక బృందం ఏదో ఉంటుంది, ముందు వాళ్ల దగ్గర చేరు. ఒక వసంతమంతా వాళ్లతో నడువు, సున్నాలు రాయి. తర్వాత నాకు ఫోన్ చేయి. గట్టు ఎక్కడుందో మాత్రం ఇక్కడ చెప్పను. పక్క ఊరి పేరు కూడా చెప్పను. ఇందాక మీకు చూపించిన బొమ్మలో గట్టు వెనకాల ఆకాశం ఖాళీగా ఉంది, గమనించారా? అక్కడ ఒక చర్చి గోపురం ఉంటుంది. నిన్న రాత్రి కూర్చుని చెరిపేశాను.